రెండో మాల

ఆర్.ఎస్. పురం, కోయంబత్తూరు
వైకాసి నెల, ఆదివారం మధ్యాహ్నం

అక్కకు సరోజ నమస్కారం.

నేను బాగున్నాను. ఈ మాట మొదటి వరుసలోనే రాస్తున్నాను, ఎందుకంటే పోస్టుమ్యాను చేతిలో కవరు చూడగానే నీకు గుండెదడ మొదలవుతుందని నాకు తెలుసు. ఒంట్లో ఏమీ లేదు. పని పోలేదు. ఎవరితోనూ తగాదా పడలేదు. కాబట్టి కూర్చుని, కళ్ళద్దాలు పెట్టుకుని, నిదానంగా చదువు. ఒత్తులు ఎక్కడైనా తప్పితే నువ్వే సర్దుకో.

నీ మోకాలు ఎలా ఉంది? తైలం రోజూ రాస్తున్నావా, లేక సీసా అలమారలో భద్రంగా దాచావా? శీనుకి దగ్గు తగ్గిందా? కోడలు పిల్ల మహాని అడిగానని చెప్పు. మనవరాలు ధన్య ప్లస్ టూకి వచ్చింది కదా, ఇంకా వరండాలోనే కూర్చుని చదువుతోందా? మీ అందరి గురించీ ఇక్కడ రోజుకొకసారైనా అనుకుంటూనే ఉంటాను.

ప్రతి ఆదివారం ఫోనులో మాట్లాడుకుంటున్నాం కదా, మళ్ళీ ఉత్తరం ఎందుకని అడుగుతావు. ఫోను నీ చేతికి రాగానే మహా స్పీకరు పెడుతుంది. నేను నిన్ను ఒకటి అడిగితే శీను పక్క గదిలోంచి జవాబు చెబుతాడు. నేను చెప్పాల్సింది నీకొక్కదానికే. మన ఆండిపట్టి వైపు మన ఇళ్ళల్లో అందరూ తెలుగు మాట్లాడతారు గానీ చదవడం నీకూ నాకూ తప్ప ఎవరికొచ్చు? నాయన పశువుల కొట్టం గోడ మీద బొగ్గుతో అక్షరాలు రాసి మన చేత దిద్దించినప్పుడు, ఈ చదువు ఏ కూటికని అమ్మ విసుక్కునేది. ఇప్పుడు పనికొచ్చింది. ఈ ఉత్తరం టీవీ మీద విప్పి పెట్టినా ఎవరికీ అర్థం కాదు.

విషయం ఏమిటంటే, నాకు అరవై నిండగానే వచ్చేస్తానని నీకు మాటిచ్చాను. ఆ మాట గురించే ఈ ఉత్తరం. కానీ ముందు ఇక్కడి సంగతులు చెప్పనీ. అవి తెలియకుండా మిగతాది చదివితే నువ్వు అపార్థం చేసుకుంటావు.

ఇక్కడ ఎండలు అయిపోయాయి. పాలక్కాడు వైపు నుంచి గాలి మొదలైంది. మేడ మీద ఆరేసిన చీరకు నాలుగు క్లిప్పులు పెట్టకపోతే అది వీధి చివర దొరుకుతుంది. మధ్యాహ్నం కూడా ఫ్యాను అక్కర్లేదు. మదురైలో ముప్పై ఏళ్ళు ఉడికినదాన్ని, నాకు ఈ గాలి ఇంకా కొత్తగానే ఉంది. నీళ్ళ గురించి పోయినసారి చెప్పాను. ఈ సిరువాణి నీళ్ళు తాగి తాగి, మొన్న బస్టాండులో వేరే నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉమ్మేయాలనిపించింది. సరోజకు ఎంత గీర వచ్చిందో చూడమని నువ్వు నవ్వుతావు. వచ్చింది, ఏం చేయను.

హాస్టల్లో ఇప్పుడు నేను వండిపెట్టేది ముప్పై రెండు మంది ఆడపిల్లలకు. కొందరు కంప్యూటరు ఆఫీసుల్లో, కొందరు ఆసుపత్రుల్లో, ఇద్దరు చీరల దుకాణంలో పని చేస్తారు. పొద్దున ఇడ్లీయో దోసెయో, రాత్రికి చపాతీయో పులుసన్నమో. మొదట్లో నా కారానికి అందరూ కళ్ళ నీళ్ళు పెట్టుకునేవాళ్ళు. కొబ్బరి ఎక్కువ వెయ్యి, మిరపకాయ తక్కువ వెయ్యి అని బతిమాలేవాళ్ళు. నేను తగ్గించాను, వాళ్ళు అలవాటు చేసుకున్నారు. ఇప్పుడు చట్నీలో కారం తక్కువైతే వాళ్ళే అడుగుతున్నారు.

వారానికి మూడు రోజులు పొద్దున్నే ఉళవర్ సందైకి వెళతాను. రైతులే తెచ్చి అమ్ముకునే బజారు, నడిచి పది నిమిషాలు. మా ఆయన, అదే నీ మరిది, మదురై మాట్టుతావణి మార్కెట్టులో అన్నేళ్ళు ఉల్లిపాయలు తూకం వేశాడు కదా, ఆయన నేర్పిన విద్య ఇప్పుడు నాకు గౌరవం తెచ్చిపెడుతోంది. ఉల్లిపాయ గుప్పిట్లో నొక్కి లోపల కుళ్ళిందో లేదో చెబుతాను. తొండాముత్తూరు నుంచి వచ్చే ఒక ముసలాయన నన్ను చూడగానే, “మదురై అమ్మ వచ్చింది, బస్తా అడుగునుంచి తియ్యరా” అని తమిళంలో కొడుక్కి చెబుతాడు. అది వినడానికే అప్పుడప్పుడు ఆ వైపు వెళతాను.

ఇంకో సంగతి ఫోనులో చెప్పలేదు. చెబితే శీను తలకొట్టుకుంటాడు. ఆదివారం మధ్యాహ్నం నాకు పని ఉండదు కదా. టౌను బస్సుల్లో ఆడవాళ్ళకు టిక్కెట్టు లేదు కదా. ఏ బస్సు ముందొస్తే అది ఎక్కుతాను. అది ఎక్కడ ఆగిపోతే అక్కడ దిగుతాను. అక్కడ ఒక టీ తాగి, అదే బస్సులో తిరిగి వస్తాను. ఇట్లా పేరూరు చూశాను, వడవళ్ళి చూశాను, ఒండిపుదూరు చూశాను. మొదటిసారి కండక్టరు, “ఎక్కడికమ్మా?” అని అడిగితే, “మీరెక్కడికి పోతే అక్కడికే” అన్నాను. పిచ్చిదాన్ననుకున్నాడు. ఇప్పుడు కిటికీ పక్క సీటు చూపిస్తాడు. నాకు ఈ వయసులో దొరికిన సంతోషం ఇదీ అంటే ఎవరికైనా నవ్వొస్తుంది. నాకు మాత్రం ఆదివారం వస్తోందంటే శుక్రవారం నుంచే బాగుంటుంది.

వార్డెను స్టెల్లా గురించి చెప్పాను కదా, చర్చి పక్క వీధిలో ఉంటుంది. ఆర్నెల్లు ఇద్దరం ఒకరితో ఒకరం తమిళంలోనే మాట్లాడుకున్నాం. ఒకరోజు దోసెపెనం అంచు చెయ్యికి తగిలి, “అయ్యో అమ్మా, కాలిపోయెనే” అంది. నేను గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

“నీది కూడా మన మాటేనా?” అన్నాను.

“అవునక్కా. మా తాత కాలం నుంచి ఇంట్లో ఇదే మాట. నీదీ ఇదేనా? ఇన్ని దినాలు నన్ను తమిళంలో సావగొట్టినావే” అంది.

అప్పటినుంచి వంటింట్లో తలుపు వేసుకుని మన మాటే. పిల్లలు మేము వాళ్ళనే తిడుతున్నామని అనుకుంటారు. కొన్నిసార్లు నిజమే.

ఇక అసలు సంగతి. హాస్టలు రిజిస్టరుకి అందరి ఆధారూ స్టెల్లా తీసుకుంది. నా ఆధార్లో పుట్టినరోజు ఏం ఉందో నీకు తెలుసు. బళ్ళో వేసేటప్పుడు నాయన, “ఆవణి నెల, రోహిణి” అని చెబితే, పాఠం చెప్పే వాత్తియారు బడి తెరిచే నెల మొదటి తేదీ, జూన్ ఒకటి, రాసి ఊరుకున్నాడు. మన ఊళ్ళో సగం మంది ఆ రోజే పుట్టారు. కాబట్టి కాగితం ప్రకారం నాకు రెండు వారాల కిందటే అరవై నిండాయి. అసలు అరవైకి ఆవణి దాకా రెండున్నర నెలలుంది. ఈ తేడా నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం వస్తుందని అనుకోలేదు.

ఈరోడు వైపు నుంచి వచ్చిన కవిత అనే పిల్ల ఉంది, ఆసుపత్రి ల్యాబులో పని. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. ఆ పిల్ల రిజిస్టరు చూసిందట. నాకు తెలియకుండా అందరూ చేరి కేకుకి ఆర్డరు ఇచ్చారు, ఒక ఆకుపచ్చ నూలు చీర కొన్నారు. పూలమాల తేవడానికి కవిత పూమార్కెట్టుకి పోయింది. పూలంగడి ఆయన దేనికమ్మా అని అడిగితే ఈ పిల్ల, “మా అమ్మకు అరవై” అంది. ముహూర్తాల నెల, ఆయనకు రోజూ అదే పని. అరవై అంటే అరవయ్యో కల్యాణమే కదా. మొగుడూ పెళ్ళామూ మళ్ళీ మాలలు మార్చుకోవాలి కదా. ఇంకో మాట అడక్కుండా రెండు మాలలు కట్టి పొట్లంలో పెట్టి ఇచ్చాడు. గులాబీ, సంపెంగ, మధ్యలో జరీ. ఆ పిల్లకు పెళ్ళి కాలేదు, ఏం తెలుసు? పొట్లం విప్పకుండా తెచ్చింది.

సాయంత్రం అందరూ వంటింట్లోకి వచ్చి నన్ను మధ్యలో నిలబెట్టారు. మొదటి మాల తీసి మెడలో వేశారు. నేను వద్దు వద్దంటూనే వేయించుకున్నాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. తర్వాత కవిత పొట్లంలో చెయ్యి పెట్టి రెండో మాల తీసింది. పైకి ఎత్తి పట్టుకుని, “ఇదెవరికి?” అంది.

ముందుగా స్టెల్లాకు అర్థమైంది. తర్వాత ఒక్కొక్క పిల్లకు అర్థమవుతూ వచ్చింది. కవిత ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది, నా గురించి కాదు, ఆ పిల్ల గురించి.

అక్కా, నీ మరిది యాభై తొమ్మిదిలో పోయాడు. అరవయ్యో కల్యాణానికి నాకు ఆకుపచ్చ పట్టుచీర కొంటానని ఆ ముందు ఏడాదంతా చెప్పాడు. నేను కూడా చుట్టుపక్కల వాళ్ళందరికీ చెప్పుకున్నాను. పిల్లలు ఆకుపచ్చ చీరే కొన్నారు, వాళ్ళకు ఈ సంగతి తెలియదు. మెడలో ఒక మాల, ఎదురుగా ఇంకో మాల, దాన్ని వేసుకోవాల్సిన మనిషి లేడు. చాలా బాధ వేసింది. దాచను.

అప్పుడు ఏం చేశానో విను. కవిత చేతిలోంచి ఆ మాల తీసుకుని, నేరుగా పోయి పిండి రుబ్బే గ్రైండరుకు వేశాను.

ఈ ఊళ్ళో ఆయుధ పూజ నాడు ప్రతి మిషనుకీ మాల వేస్తారు, అది చూసిన చెయ్యే కదా. వేసి, తిరిగి పిల్లలతో తమిళంలో, “రెండేళ్ళుగా పొద్దున లేచి మొదట చూసేది దీని ముఖమే. నేను ఎంత తిట్టినా ఎదురు చెప్పదు. ఇంతకన్నా మంచి సంబంధం ఎవరు తెస్తారు?” అన్నాను.

స్టెల్లా ముందు నవ్వింది. తర్వాత ముప్పై రెండు మందీ ఒక్కసారి నవ్వారు. కవిత నవ్వుతూ ఏడ్చింది. ఒక పిల్ల గ్రైండరుకు కుంకుమ బొట్టు పెట్టింది. ఇంకో పిల్ల నాకూ దానికీ కలిపి ఫోటో తీసింది. నేను కూడా కడుపు పట్టుకుని నవ్వాను అక్కా. నీ మరిది పోయిన తర్వాత అట్లా నవ్వడం అదే మొదటిసారి. అట్లా నవ్వుతుండగానే నాకు తెలిసిపోయింది, నేను తిరిగి రాను అని.

రాశాను. ఈ వరుస రాయడానికి రెండు ఆదివారాలు పట్టింది.

నువ్వు ఏమనుకుంటావో నాకు తెలుసు. గదికి సున్నం కొట్టించావు. నా కోసం మంచం నేయించావు. ప్రతి ఆదివారం ఫోను పెట్టేసే ముందు, “ఆవణికి వొచ్చేస్తావు గదా సరోజా? రూము కాలీగా పెట్టుండాను” అంటావు. నేను “చూస్తాం అక్కా” అంటాను. నువ్వు దాన్ని సరే అనుకుంటావు. నేనూ నీకు అట్లాగే అనిపించేటట్టు అంటాను. అది తప్పు. అందుకే తలొంచుకుని రాస్తున్నాను.

నీ ఇంట్లో నాకు ఏ లోటూ లేదు. నీ మరిది పోయిన తర్వాత రెండేళ్ళు నన్ను కంటికి రెప్పలా చూశావు. అదే నాకు కష్టమైంది అంటే నీకు కోపం వస్తుందా? చీపురు పట్టుకుంటే మహా లాక్కునేది. వంటింట్లోకి వస్తే, “నువ్వు కూసో పిన్నీ, నీకెందుకు ఈ తొల్ల” అనేది. కాఫీ చేతికే వచ్చేది. ఎవరైనా ఇంటికొస్తే నువ్వు నన్ను చూపించి, “పావం, దీనికి పిల్లలు గూడా లేరు” అనేదానివి. ప్రేమతోనే అనేదానివి. నేను గోడకు ఆనుకుని కూర్చుని ఆ పావాన్ని వింటూ ఉండేదాన్ని. రెండేళ్ళు విన్నాక నాకే నా మీద పావం అనిపించడం మొదలైంది. అందుకే ఈ పని సంగతి తెలియగానే ఒప్పుకున్నాను. అరవై దాకా మాత్రమే అని నీకు చెప్పాను. చెప్పినప్పుడు నిజంగానే అట్లా అనుకున్నాను.

ఇక్కడ నన్ను ఎవరూ కూర్చోమనరు. పిండి పులవకపోతే సరోజాక్కా అని పిలుస్తారు. పులిస్తే కూడా పిలుస్తారు. నడుం నొప్పి ఉంది, లేదని చెప్పను. పొద్దున లేవగానే వేళ్ళు బిగుసుకుని ఉంటాయి, వేడి నీళ్ళలో పెడితే సర్దుకుంటాయి. ఎన్నాళ్ళు చేయగలనో తెలియదు. చేయలేని రోజు నీ దగ్గరికే వస్తాను, ఇంకెక్కడికి పోతాను? కానీ ఆ రోజు ఇంకా రాలేదు. అరవై వచ్చింది, ఆ రోజు రాలేదు.

కాబట్టి ఆ గది ధన్యకు ఇవ్వు. పిల్ల వరండాలో దోమల మధ్య చదువుతోంది. మంచం కూడా దానికే. నా ట్రంకుపెట్టె మాత్రం అటక మీద పెట్టించు, అందులో నీ మరిది చొక్కాలున్నాయి, ఎవరికీ ఇవ్వొద్దు. వీలైతే మజ్జిగ మిరపకాయలు ఒక డబ్బా పంపు. ఇక్కడ అంగట్లో దొరుకుతాయి గానీ ఉప్పు తప్ప ఇంకేమీ లేదు వాటిలో.

మిరపకాయలు అంటే ఇంకో మాట. కేకు కోసిన మర్నాడు పొద్దున గ్రైండరు మీద వాడిపోయిన మాల తీస్తున్నాను. పప్పు నానబెట్టి ఉంది, పని మొదలు పెట్టాలి. ఆ మాల తీస్తుంటే నీ అరవై గుర్తొచ్చింది.

ఏడేళ్ళయింది. పంగుని తిరునాళ్ళకు నేనూ నీ మరిదీ మదురై నుంచి మీ ఇంటికి వచ్చాం. బావ పోయి అప్పటికే చాలా ఏళ్ళు. నువ్వు మేడ మీద మజ్జిగ మిరపకాయలు ఆరబెడుతున్నావు. మాకు అన్నం వడ్డిస్తూ, “ఈ దినంతో నాకు అరవై నిండెనే సరోజా” అన్నావు. నేను, “అట్లనా” అన్నాను. అని, చారు అడిగాను. నువ్వు చారు పోసి, మిరపకాయలు తిరగెయ్యడానికి మళ్ళీ మేడెక్కిపోయావు. ఆ ఎండలో, ఆ మోకాలితో.

అంతే జరిగింది. అప్పుడు నా పక్కన మొగుడున్నాడు. అరవై అంటే జంటకే అనుకున్నాను. ఒంటరి ఆడదానికి అరవై వస్తే అది లెక్కలోకి రాదనుకున్నాను. అనుకున్నానని కూడా తెలియకుండా అనుకున్నాను. ఆ రోజు నాకు సిగ్గనిపించలేదు. ఇప్పుడు అనిపిస్తోంది. ఎవరో కన్న ముప్పై రెండు మంది పిల్లలకు తోచింది, సొంత చెల్లెలికి తోచలేదు.

నిన్ను కోపగించుకోవద్దని అడగను. కోపం వస్తే ఫోనులో వద్దు, ఉత్తరంలోనే తిట్టు, నీ అక్షరాలు చూసి చాలా కాలమైంది. శీనుకి, మహాకి నా దీవెనలు. ధన్యకు బాగా చదువుకోమని చెప్పు. మూల ఇంటి పెద్దత్తకు, అమ్మవారి గుడి పూజారి మామకు నా నమస్కారాలు చెప్పు. అమ్మ, నాయన ఫోటోల ముందు నా పేరు చెప్పి ఒక దీపం పెట్టు. నువ్వు పెద్దదానివి, నన్ను ఆశీర్వదించు, తిట్టిన తర్వాతైనా సరే.

ఇంకొక్కటే. ఆవణి రోహిణికి నేను అక్కడికి రావడం కాదు, నువ్వు ఇక్కడికి రా. శీనుని తేనిలో కోయంబత్తూరు బస్సెక్కించమను, దిగే చోట నేనుంటాను. స్టెల్లాతో చెప్పాను, నా గదిలోనే పది రోజులు ఉండొచ్చంది. నీకు ఏ పనీ చెప్పననుకోవద్దు. చిన్న ఉల్లిపాయలు ఒలిచిపెట్టాలి, కూర్చుని చేసే పనే. ఆదివారం టౌను బస్సులో కిటికీ సీటు నీకు. పూలంగడి ఆయన దగ్గరికి ఈసారి కవిత పోదు, నేనే పోతాను. అరవై అంటాను, ఆయన ఎట్లాగూ రెండు మాలలే కడతాడు. ఒకటి నాది. ఏడేళ్ళు ఆలస్యమైంది గానీ రెండోది నీది.

నీ దారి చూస్తూ,
నీ చెల్లెలు
సరోజ